వారంటీ బాబాయి

మన కాలనీల్లో కొన్ని పదవులకు ఎన్నికలుండవు. మంజీరా నీళ్లు ఎప్పుడొస్తాయో చెప్పే పెద్దమనిషి, వినాయక చవితికి చందా పుస్తకం పట్టుకు తిరిగే పెద్దమనిషి, ఎవరింటికి కొత్త వస్తువొచ్చినా కాఫీ తాగే మిషతో వచ్చి "బిల్లేదీ?" అని అడిగే పెద్దమనిషి. ఈ ముగ్గురినీ ఎవరూ నియమించరు, ఎవరూ తీసేయలేరు. మూడో ఆయన్ని మా అపార్టుమెంటులో వారంటీ బాబాయి అంటాం. మీ అపార్టుమెంటులో ఏమంటారో గానీ, ఉండటం మాత్రం ఉంటాడు.

ఈ జాతివాళ్లు ఎక్కువగా ఆడిట్‌లోనో, అకౌంట్స్‌లోనో, బ్యాంకులోనో పనిచేసి రిటైరైన వాళ్లు. మా బాబాయిది ఆడిట్. ఆయన రిటైరైంది ఉద్యోగం నుంచే, ఆడిట్ నుంచి కాదు. తన జాతకం ఏ పెట్టెలో ఉందో ఆయనకు తెలీదు. గీజరు వారంటీ కార్డు ఎక్కడుందో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. నీలం అట్ట ఫైలు, బి విభాగం, మూడో ప్లాస్టిక్ కవరు.

ఆ ఫైలుకో చరిత్ర ఉంది. షాపుల్లో ఇప్పుడు మిషన్లోంచి వచ్చే బిల్లు వేడికి నల్లబడే కాగితం మీద అచ్చవుతుంది. కొన్నాళ్లకు అక్షరాలు వాటంతటవే వెలిసిపోతాయి. ఈ సంగతి తెలిసి బాబాయి ఫ్రిజ్ బిల్లును శాశ్వతం చేద్దామని లామినేషన్‌కిచ్చాడు. లామినేషన్ మిషన్ వేడికి బిల్లు బిల్లంతా అమావాస్య అయిపోయి వచ్చింది. ఆ నల్ల కాగితం ఇప్పటికీ ఫైల్లోనే ఉంది. "ఇది ఫ్రిజ్ బిల్లు" అని కింద ఆయన సంతకం, తేదీ. అప్పటినుంచీ ఏ బిల్లు చేతికొచ్చినా ముందు జిరాక్సు, తర్వాత ఫొటో, ఆ తర్వాతే ఇంటికి ప్రయాణం.

వారంటీ ముగిసే ముందు నెల ఆయనకు మూఢం లాంటిదనుకునేరు, కాదు, పండగ. మిక్సీ వారంటీకి నెల ఉందనగా పిన్నిని పిలిచి, "ఈ నెలంతా బాగా రుబ్బు. పోయేదుంటే ఇప్పుడే పోవాలి" అన్నాడు. ఆ నెల మా అంతస్తులో అందరిళ్లకీ గారెలొచ్చాయి. మిక్సీ పోలేదు. మూకుడు పోయింది. దానికి వారంటీ లేదు.

ఇంత ప్రతిభకీ గీజర్లూ మిక్సీలూ చాలవు. నీళ్లు కాగాయా లేదా, పిండి మెత్తబడిందా లేదా, అక్కడితో పరీక్ష అయిపోతుంది. బాబాయి జీవితానికి తగిన వస్తువు అమ్మాయి పెళ్లయ్యాక దొరికింది. పెళ్లి వీడియో, ఫొటోలు కలిపి వందల జీబీలు. ఫొటోగ్రాఫరు ఓ పెద్ద పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చి, "హార్డ్ డిస్కులో కాపీ చేసుకోండంకుల్" అన్నాడు. పిన్ని ఆ పెన్‌డ్రైవ్‌ను బీరువాలో నగల పక్కన పెట్టింది. బాబాయి హార్డ్ డిస్కు కొనడానికి బయల్దేరాడు.

కంప్యూటర్ సామానంటే జంటనగరాల్లో సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరే. అందరూ సీటీసీ అంటారు. అక్కడ కుర్రాళ్లు డిస్కు చేతిలో పెట్టి, "సీల్డ్ పీస్ సార్, కళ్లు మూసుకుని తీస్కోండి" అంటారు. బాబాయి కళ్లు తెరుచుకుని, వాటి ముందు భూతద్దం కూడా పెట్టుకుని తీసుకునే రకం. సీలు అంచు లేచిందా, అట్టపెట్టె మీది సీరియల్ నంబరూ లోపలి డిస్కు మీది నంబరూ ఒకటేనా, తయారైన తేదీ ఎప్పటిది, ఒకటొకటిగా చూశాడు.

"పెట్టె విప్పితే కొనాల్సిందే సార్" అన్నాడు కుర్రాడు.

"కొంటాను నాయనా. నంబరు కలవకపోతే మాత్రం కొనను."

"కచ్చా బిల్లు చాలా సార్? తగ్గుతుంది."

బాబాయి ఆ మాటకు చెవులు మూసుకున్నాడు. 18 శాతం జీఎస్టీ కట్టి పక్కా బిల్లు రాయించుకున్నాడు. అందులో సీరియల్ నంబరు లేదని మళ్లీ రాయించాడు. అందులో సున్నాకు బదులు ఇంగ్లిషు ఓ అక్షరం పడిందని మూడోసారి రాయించాడు. ఈలోగా కుర్రాడికి కాస్త విజ్ఞానం కూడా పంచాడు: 1956లో ఐబీఎం తెచ్చిన మొట్టమొదటి హార్డ్ డిస్కు యంత్రం బరువు దాదాపు టన్ను, అందులో పట్టేది 50 లక్షల అక్షరాలు, దాన్ని ఎక్కువగా నెలకింతని అద్దెకిచ్చేవారు. "అద్దెకైతే హాయి. పాడైతే వాళ్లదే పూచీ" అని నిట్టూర్చాడు. ఆయన వెళ్లేసరికి షాపులో మిగతా బేరాలు కూడా వెళ్లిపోయాయి.

ఇంటికొచ్చాక పెట్టె విప్పే ఘట్టం. పిన్ని చేతికి ఫోనిచ్చి వీడియో తీయమన్నాడు. మధ్యలో కట్ ఉండకూడదు, నంబరు కనపడాలి, గడియారం కనపడాలి, ఆయన చేతులు కనపడాలి. "అమ్మాయి తాళి కట్టించుకుంటున్నప్పుడు కూడా ఇంత జాగ్రత్తగా తీయించలేదండీ మీరు" అంది పిన్ని. ఆ మాట కూడా వీడియోలో రికార్డయింది. సాక్ష్యం కాబట్టి తీసేయడానికి వీల్లేదు.

తర్వాత కంపెనీ వెబ్‌సైట్లో సీరియల్ నంబరు కొట్టి వారంటీ ఎన్నాళ్లుందో చూశాడు. చూసి, కుర్చీలోంచి లేచాడు. మూడేళ్లకు నాలుగు నెలలు తక్కువ! సంగతేమిటంటే డిస్కు కంపెనీ గోదాములోంచి బయల్దేరిన నాటి నుంచే వాళ్ల కంప్యూటర్ లెక్క మొదలుపెట్టింది. షాపు అరలో పడున్న కాలమంతా బాబాయి ఖాతాలో ఖర్చు రాశారు. మామూలు మనిషైతే ఇదసలు చూడనే చూడడు. బాబాయి బిల్లు స్కాన్ చేసి, ఆడిట్ అభ్యంతరాల భాషలో రెండు పేజీల మెయిల్ పెట్టాడు. వాళ్లు మారుమాట లేకుండా తేదీ సరిచేశారు. ఆ నాలుగు నెలలు తిరిగొచ్చిన రోజు ఆయన ముఖం చూస్తే, పెండింగ్ డీఏ బకాయిలన్నీ ఒకేసారి పడ్డాయేమో అనుకున్నాం.

ఈ విజయం చూసి పై అంతస్తు వాళ్లు, డాలస్ నుంచి వాళ్లబ్బాయి థాంక్స్‌గివింగ్ సేల్లో చవగ్గా కొని తెచ్చిన డిస్కును ఆయన ముందు పెట్టారు. బాబాయి నంబరు కొట్టాడు. వారంటీ కొన్న ప్రాంతానికే పరిమితమని వచ్చింది. "ఈ డిస్కు ఇక్కడ టూరిస్టు వీసా మీద ఉంది. జబ్బు చేస్తే వైద్యానికి డాలసే పోవాలి" అని తేల్చాడు. ఆదా అయిన డబ్బుల సంగతి ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇక డిస్కును కంప్యూటర్‌కు తగిలించాడు. పెట్టె మీద 2 టీబీ. తెర మీద 1.81 టీబీ.

తూకంలో మోసం! తూనికలు, కొలతల శాఖకు ఫిర్యాదు చిత్తుప్రతి సిద్ధమైంది. ఇంజినీరింగ్ చదివే మా వాడొకడు కూర్చోబెట్టి లెక్క చెప్పాడు. తయారీదారు వెయ్యి చొప్పున లెక్కేసి 2 లక్షల కోట్ల బైట్లు ఇచ్చాడు, అందులో ఒక్కటీ తగ్గలేదు. విండోస్ మాత్రం 1024 చొప్పున భాగించి, ఆ వచ్చినదానికి కూడా టీబీ అనే పేరే తగిలిస్తుంది. ఈ రెండు కొలతలకీ వేర్వేరు పేర్లుండాలని 1998లోనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఈసీ నిర్ణయించినా విండోస్ చెవిన పెట్టలేదు. బాబాయి కాగితం మీద నాలుగుసార్లు 1024తో భాగించి చూసుకున్నాడు. లెక్క కుదిరింది. కుదిరినందుకు ఆయన కొంచెం నిరాశపడ్డట్టే కనిపించాడు.

అసలు సంబరం ఆ తర్వాత మొదలైంది. హార్డ్ డిస్కు తన ఆరోగ్యం లెక్కలు తనే రాసుకుంటుంది. దాన్ని స్మార్ట్ అంటారు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం వేసుకుంటే ఆ చిట్టా అంతా తెర మీదికొస్తుంది. ఎన్ని గంటలు తిరిగింది, ఎన్నిసార్లు ఆన్ చేశారు, ఎంత వేడెక్కింది, చెడిన సెక్టార్ల బదులు దాచిపెట్టుకున్నవి ఎన్ని వాడింది (అది 05వ నంబరు వరస), చదవలేక పక్కన పెట్టినవి ఎన్ని (అది సీ5). ఒక వస్తువు తనంతట తను ఖాతా పుస్తకం తెచ్చి ఆడిటర్ ముందు పెట్టడం బాబాయి సర్వీసు మొత్తంలో జరగలేదు. చూస్తూ ఉండిపోయాడు. గంటలు: 0. చెడిన సెక్టార్లు: 0. నీలిరంగులో "గుడ్" అని సర్టిఫికెట్.

సున్నాలు చూస్తే మామూలువాళ్లు సంతోషిస్తారు. ఆడిటర్‌కు అనుమానం వస్తుంది. ఆ అనుమానానికి అంతర్జాతీయ ఆధారం కూడా దొరికింది. 2025 మొదట్లో జర్మనీలో కొత్తవని అమ్మిన పెద్ద డిస్కులు కొన్ని అప్పటికే వేల గంటలు తిరిగినవని అక్కడి కంప్యూటర్ పత్రికవాళ్లు బయటపెట్టారు. చియా అనే క్రిప్టో కరెన్సీ కోసం రాత్రింబవళ్లు నడిపి వదిలించుకున్నవేమోనని అనుమానం. ఎవరో స్మార్ట్ లెక్కలు సున్నాకు తిప్పేశారు. ఆ డిస్కుల లోపల ఫార్మ్ అనే మరో చిట్టా ఉందని మాత్రం గమనించలేదు. దాంట్లో అసలు గంటలన్నీ అలాగే ఉన్నాయి. ఈ వార్త చదివిన రోజు బాబాయి పేపరు పట్టుకుని ఐదంతస్తులూ ఎక్కి దిగాడు. "రెండో ఖాతా ఎప్పుడూ ఉంటుందిరా! చూడటం తెలియాలి!"

ఇదంతా బాగానే ఉంది. చిక్కల్లా రోజూ చూడటంతోనే వచ్చింది. కాసేపు వాడకపోతే డిస్కు తిరగడం ఆపి నిద్రపోతుంది. ఎలా ఉందోనని బాబాయి ప్రోగ్రాం తెరుస్తాడు. డిస్కు ఉలిక్కిపడి లేస్తుంది. లేచిన ప్రతిసారీ "ఎన్నిసార్లు మొదలైంది" అన్న వరసలో ఒక అంకె పెరుగుతుంది. ఎందుకు పెరిగిందా అని మళ్లీ తెరుస్తాడు. మళ్లీ పెరుగుతుంది. ఆ అంకెల్ని నోటుబుక్కులో గ్రాఫు గీసి, "దీనికేదో లోపం ఉంది" అన్నాడు. మా ఇంజినీరింగ్ కుర్రాడు గ్రాఫు చూసి, "లోపం డిస్కులో లేదు బాబాయ్" అని ఊరుకున్నాడు.

సెట్టింగుల సంగతి అడక్కండి. ఎఫ్ఏటీ32లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, పెళ్లి వీడియో దాటుతుంది, కాబట్టి అది వద్దు. ఎన్‌టీఎఫ్ఎస్ చేశాడు. అమ్మాయి మ్యాక్ ల్యాప్‌టాప్ దాన్ని చదువుతుంది గానీ రాయదని తెలిసి ఎక్స్‌ఫ్యాట్ చేశాడు. కరెంటు పోతే ఎన్‌టీఎఫ్ఎసే తట్టుకుంటుందని ఎవరో అంటే మళ్లీ వెనక్కి. వేగం పెంచే రైట్ క్యాషింగ్ ఆన్ చేశాడు. అది ఆన్‌లో ఉండగా చెప్పాపెట్టకుండా కేబుల్ పీకితే రాస్తున్నది పోతుందని చదివి ఆఫ్ చేశాడు. ఫార్మాట్ చేసినప్పుడల్లా డిస్కుకు కొత్త పేరు. బారసాలకు ఐదారుసార్లు పిలిచినట్టు పిన్నిని పిలిచి పేరడిగేవాడు. చివరికి ఆవిడ "అందులో అమ్మాయి పెళ్లి ఎప్పుడు పెడతారు?" అంది.

"టెస్టవ్వనీ."

టెస్టంటే డిస్కు మొత్తం నింపి, మళ్లీ మొత్తం చదివి, రాసిందీ చదివిందీ ఒకటేనా అని చూడటం. ఇది వెర్రి కాదు. యంత్రాలు ఎక్కువగా చెడేది మొదటి రోజుల్లో, లేదా ముసలితనంలో. మొదటి వారంలోనే కష్టపెట్టి చూస్తే, బలహీనమైనది షాపువాడు మార్చిచ్చే గడువులోనే బయటపడుతుంది. సెకనుకు 110 ఎంబీ వేగమనుకుంటే 2 టీబీ నింపడానికి ఐదు గంటలు, చదవడానికి ఐదు గంటలు. ఒకసారి చాలు. బాబాయికి చాల్లేదు. లినక్స్‌లో బ్యాడ్‌బ్లాక్స్ అనే ప్రోగ్రాం నాలుగు రకాల నమూనాలతో నాలుగుసార్లు రాసి, నాలుగుసార్లు చదువుతుందని విన్నాడు. అంటే నలభై గంటలు. మొదలుపెట్టాడు.

రెండో నమూనాకొచ్చేసరికి వేగం పడిపోయింది. చేతిలో పట్టే ఈ చిన్న డిస్కులు చాలామటుకు ఎస్ఎంఆర్ పద్ధతివి. ఎక్కువ సమాచారం పట్టడానికి ట్రాకులను పెంకుటింటి కప్పులా ఒకదాని అంచు మీదికి ఇంకోటి వచ్చేట్టు పేరుస్తారు. మధ్యలో ఒక పెంకు మార్చాలంటే దాని మీదున్నవన్నీ లేపి మళ్లీ పేర్చాలి. రాసినచోటే తిరగరాస్తే నెమ్మదించేది అందుకే. ఏ మోడలు ఏ పద్ధతిదో కొనేవాడికి చెప్పకుండా అమ్ముతున్నారని 2020లో గొడవయ్యాక, తయారీదారులు జాబితాలు బయటపెట్టారు. బాబాయి ఆ జాబితా కూడా ప్రింటు తీసి ఫైల్లో పెట్టాడు. పని మాత్రం నత్తనడకే. మే నెల ఎండ. టేబుల్ ఫ్యాన్ డిస్కు వైపు తిప్పారు, బాబాయి విసనకర్రతో సరిపెట్టుకున్నాడు. మూడో నమూనాలో కరెంటు పోయింది. ఇన్వర్టరు కూడా కాసేపు చూసి చేతులెత్తేసింది. మళ్లీ మొదటి నుంచి.

ఎట్టకేలకు డిస్కు నెగ్గింది. పెళ్లి వీడియో అందులోకెక్కింది. బాబాయి చేసింది ఒకే ఒక్క కాపీ. "ఇంకోచోట కూడా పెట్టండి బాబాయ్" అని మా కుర్రాడంటే, "ఇంత పరీక్షించాక ఇంకో కాపీ ఎందుకురా? మూడేళ్ల వారంటీ ఉంది!" అన్నాడు.

రెండో ఏట ఓ రోజు డిస్కులోంచి టక్ టక్‌మని చప్పుడు మొదలైంది. కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టడం మానేసింది. ఏ తప్పూ చేయలేదు బాబాయి. కింద పడేయలేదు, తడపలేదు. తిరిగే పళ్లేల మీద కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలే తల ఎప్పుడు గీసుకుంటుందో ఏ చిట్టాలోనూ ముందుగా కచ్చితంగా కనపడదు. స్మార్ట్ హెచ్చరిక లేకుండానే పోయే డిస్కులు బోలెడు.

ఆయన మాత్రం దిగులుపడలేదు. ఈ రోజు కోసమే కదా ఇన్నాళ్లూ ఫైలు మోసింది! బిల్లు, జిరాక్సు, వీడియో, మెయిళ్లు పట్టుకుని పెళ్లికి వెళ్లినట్టు ఇస్త్రీ చొక్కాతో, మమ్మల్ని వెంటేసుకుని సర్వీస్ సెంటర్‌కు వెళ్లాడు. కౌంటర్లో అమ్మాయి నంబరు చూసి, "వారంటీ ఉందంకుల్, వేరేది ఇస్తాం" అంది. బాబాయి మావైపు తిరిగి చూసిన చూపు జన్మలో మరిచిపోలేం. ఆ తర్వాత ఆమె ఒక ఫారం ముందుకు జరిపింది. "ఇక్కడ సంతకం. డేటాకు మా బాధ్యత లేదు."

"లోపల మా అమ్మాయి పెళ్లుందమ్మా."

"డేటా కావాలంటే ముందు రికవరీ వాళ్ల దగ్గరికి వెళ్లాలంకుల్. వాళ్లు డిస్కు విప్పితే వారంటీ పోవచ్చు."

రికవరీ అంటే దుమ్ము లేని గదిలో డిస్కు విప్పి తలలు మార్చే పని. దాని ఖర్చు డిస్కు ధరకు ఎన్నో రెట్లు. విప్పితే వారంటీ పోతుంది, విప్పకపోతే పెళ్లి పోతుంది. ఇంత పెద్ద ఆడిట్ అభ్యంతరం బాబాయికి సర్వీసులో ఎదురుకాలేదు. కౌంటరు ముందు పెన్ను పట్టుకుని చాలాసేపు నిలబడి, పిన్నికి ఫోన్ చేశాడు.

"పెళ్లి వీడియోయా? ఫొటోగ్రాఫరిచ్చింది బీరువాలో ఉందిగా" అంది పిన్ని. "అమ్మాయి అప్పుడే తన కంప్యూటర్లోకి ఎక్కించుకుని బెంగళూరు పట్టుకెళ్లింది. మీ డిస్కు టెస్టయ్యేదాకా ఆగుతామా?"

మూడు కాపీలు, రెండు రకాల సామాన్ల మీద, అందులో ఒకటి వేరే ఊళ్లో. పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఇదే. పిన్నికి ఆయనెవరో తెలీదు, టెరాబైటంటే ఏమిటో తెలీదు. విలువైనది ఒకేచోట పెట్టకూడదని తెలుసు.

బాబాయి ఒక్క క్షణం ఆగి, ఫోన్‌లో అడిగాడు:

"ఆ పెన్‌డ్రైవ్‌కు బిల్లుందా?"

మార్చి ఇచ్చిన డిస్కు ఇప్పుడు టెస్టవుతోంది. అది కంపెనీ బాగుచేసిన పాత డిస్కట. దానికి మిగిలిన వారంటీయే వర్తిస్తుందట. మా అంతస్తులో మళ్లీ గారెల కాలం వచ్చినట్టుంది.

బాబాయిని చూసి నవ్వుకోండి గానీ, ఆయన చేసినవాటిలో చాలామటుకు చేయండి. పక్కా బిల్లు తీసుకోండి, సీరియల్ నంబరు రాయించండి, కొన్న రోజే వారంటీ తేదీ చూసుకోండి, మొదటి వారంలో ఒక్కసారి డిస్కు మొత్తం నింపి చదివి చూడండి. బిల్లుండీ తిప్పలు పెడితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఇవన్నీ చేసేముందు మాత్రం పిన్ని చేసిన పని చేయండి. కంపెనీ మీకు తిరిగిచ్చేది డిస్కునే. అందులో ఏముండేదో వాళ్లకు అక్కర్లేదు, దాని పూచీ మీదే.